ఆవు సంతకం

పర్లాకిమిడి కోట వెనక సందులో
కారు వెనక్కి తీస్తూ
అద్దంలోకి చూడాల్సిన నేను
పక్క సీట్లో ఆరో తరగతి పేపర్ల కట్ట వైపు చూశాను.
చప్పుడు పెద్దదేం కాదు.
అప్పడం మీద అరచెయ్యి పడ్డట్టు, అంతే.

దిగి చూస్తే
డిక్కీ తలుపుకి కొబ్బరిచిప్పంత సొట్ట.
వేరుసెనగ బండికి ఒక చక్రం
పక్కవాడి గుసగుస వింటున్నట్టు ఒరిగిపోయింది.
నేల మీద కాయలు. అప్పుడే ఒక కాకి.

బండి మనిషి సీమాంచల్.
వంతెన దాటి పాతపట్నం సంతకెళితే సింహాచలం.
రెండు పేర్లకీ ఒకే దేవుడు, ఒకే బాకీ.
"కిచ్ఛి హెయినీ" అన్నాడు ముందు.
ఏం కాలేదమ్మా అని మళ్లీ తెలుగులో అన్నాడు.
తర్వాత చక్రం ఒకసారి తిప్పి చూసుకుని
"మూడొందలు ఇప్పించండి" అన్నాడు.
ఇచ్చాను. బేరమాడలేదు.
ఆడబోయి మానేశాను, నిజం చెప్పాలంటే.

సాయంత్రం తవిటినాయుడు వచ్చాడు,
పాలసీ అంటగట్టిన రోజు చొక్కాతోనే.
సొట్టని డాక్టరు కడుపు నొక్కినట్టు నొక్కి
బరంపురం షోరూంలో ఆరువేల రెండొందలన్నాడు.
"క్లెయిం చేసేద్దాం టీచరమ్మా.
బండివాడి ఊసెత్తకండి, పోలీసులూ గొడవా ఎందుకు?
ఆవు అడ్డొచ్చిందని రాసేయండి."
వెనక నుంచా?
"ఆవుకి ముందేటి, వెనకేటి?
సాక్ష్యానికి ఎవడూ పిలవడు.
ఆవు సంతకం పెట్టదు."

ఫారంలో ప్రమాదం జరిగిన తీరుకి
నాలుగు గీతల చోటిచ్చారు.
మెట్లు రాయకుండా జవాబు రాసే పిల్లలకి
సగం మార్కులు కోసే దాన్ని నేను.

రాత్రి పాత ప్రశ్నపత్రం వెనక లెక్క వేశాను.
ఆరువేల రెండొందల్లో
మొదటి వెయ్యీ నన్నే పెట్టుకోమంటుంది కంపెనీ.
ముసలి కారు కాబట్టి రంగుకి తరుగుదల, పదమూడొందలు.
చేతికొచ్చేది మూడువేల తొమ్మిదొందలు.
ఇటు చూస్తే
ఐదేళ్లు ఎవర్నీ గుద్దకుండా కూడబెట్టిన బోనస్సు
ఒక్క సంతకంతో సున్నా.
మళ్లీ మెట్టు మెట్టూ ఎక్కేసరికి
నాలుగువేల ఆరొందలు నాకు చమురు వదులుతుంది.
అంటే అబద్ధమాడి
పైన ఏడొందలు ఎదురిచ్చుకోవాలి.

ఇక్కడ గీత గీసి ఆపేస్తే
నేను చాలా మంచిదాన్ని.
కానీ ఆ తీసివేత తిరగబడి ఉంటే,
ఆ ఏడొందలు నా వైపే మిగిలి ఉంటే,
నాలుగు గీతల్లో
ఆవు రంగు కూడా రాసి ఉండేదాన్ని.
ఎర్రది. ఒక కొమ్ము వంకర.

ఆదివారం బిసోయి
సొట్ట మీద మరిగే నీళ్లు పోసి
సింకు రబ్బరు అదిమి లాగాడు.
టప్పున సగం బయటికొచ్చింది.
మిగతా సగం రానంది.
నాలుగొందలు తీసుకుని
"సగం చాలదా?" అన్నాడు.

పది రోజులకి అదే సందు.
టక టకమని కుంటుకుంటూ వస్తోంది బండి.
చక్రం బాగు చేయించలేదా అన్నాను,
అడిగే హక్కేదో మూడొందలకి కొనుక్కున్నదానిలా.
"పాప కళ్లజోడుకి పోయాయమ్మా.
తిరుగుతోంది కదా, తిరగనీ."
అని నా కారు వెనక్కి వెళ్లి
తల వంచి చూసి
"మీదీ అలాగే ఉంచీసేరేటి?" అన్నాడు.

ఏమనాలో తోచక
పది రూపాయల కాయలడిగాను.
అడక్కుండానే కొసరు వేశాడు.

తవిటినాయుడి ఫోను మోగుతోంది,
గడువు ఎల్లుండితో సరి.
కారులో కూర్చుని వలుస్తున్నాను.
తొక్కలకి చోటు కావాలి.
ఆ ఫారాన్ని
రెండు మడతలు పెట్టి కొస తిప్పితే
సరిగ్గా పొట్లమంత అయింది.